మిలట్రీ పాలనలో మా నెట్ సెంటరు

దేశంలో కంప్యూటర్లకి కాపలా ఎవరు కాయాలి, మిలట్రీవాళ్ళా, మామూలు ఆఫీసర్లా అని టీవీల్లో పెద్దపెద్దవాళ్ళు టైలు బిగించుకుని మరీ కొట్టుకుంటూంటే నాకు నవ్వొస్తుంది. ఆ ప్రయోగం ఎప్పుడో జరిగిపోయిందండీ. రెండువేల రెండో, మూడో. అమలాపురంలో, గడియారస్తంభానికి కూతవేటు దూరంలో, మా నెట్ సెంటర్లో. దేశం చిన్నదే, ఒప్పుకుంటాను. మొత్తం వైశాల్యం పన్నెండడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు. జనాభా నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, తనకి ఇష్టమైనప్పుడు తిరిగే ఒక ఫ్యాను. అయినా మిలట్రీ పాలన మిలట్రీ పాలనే. ఆరు వారాలు నడిచింది.

ముందు మా సెంటరు వైభవం చెప్పాలి. మా మోడెం కీచుమని అరిచిందంటే ఈదరపల్లి దాకా ఉయ్యాలల్లో పిల్లలు లేచి ఏడ్చేవారు. ఒక ఫోటో తెర మీద పైనుంచి కిందకి దిగేది. జుట్టు కనబడ్డాక టీ తాగొస్తే కనుబొమ్మలు, భోంచేసొస్తే ముక్కు. గెడ్డం చూడాలంటే మర్నాడు రావాల్సిందే. అలా ముక్కు దాకా చూసి మొగుణ్ణి గుర్తుపట్టి ఆనందబాష్పాలు రాల్చిన ఇల్లాళ్ళు కోనసీమలో కొన్ని వందలమంది ఉన్నారు. మా వైపు ఇంటికొకరు గల్ఫులో ఉంటారు. కువైట్, దుబాయ్, మస్కట్ అనేవి మాకు ముమ్మిడివరం తరవాతొచ్చే ఊళ్ళు.

మా వైపు ఒక పద్ధతుంది. ఊరెళ్ళేటప్పుడు ఇంటికి బ్రహ్మాండమైన తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, ఆ తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్తాం. తాళం దొంగలకోసం. తాళంచెవి పక్కింటివాళ్ళు మొక్కలకి నీళ్ళు పోసి, పిల్లికి పాలు పోసి, అవసరమైతే మన పప్పుగుత్తి పట్టుకెళ్ళడం కోసం. పాస్‌వర్డుల విషయంలోనూ అదే పద్ధతి. గుమ్మంలోంచే కేకేసేవారు.

"అన్నయ్యగారూ, నా పాస్‌వర్డు మా చంటాడి పేరేనండి. మీ దగ్గరుండనివ్వండి!"

నేను గోడమీద కేలండర్లో రాసుకునేవాణ్ణి. ఏకాదశి పక్కన ఒకావిడది, అమావాస్య పక్కన ఇంకొకావిడది. దారినపోయే దానయ్య కూడా తిథి చూసుకునే వంకతో అందరి మెయిళ్ళూ చదివెయ్యొచ్చు. ఎవరూ చదవలేదు. చదివినా ఏముంటుందండీ, పిల్లలు బావున్నారు, గేదె ఈనింది, నువ్వెలా ఉన్నావు.

మా పక్కకొట్లో జాకెట్లు కుట్టే ఆవిడొకరు ఉండేవారు. ఆవిడ కుట్టిన జాకెట్టు చిరగాలంటే ముందు చీర చిరగాలి, తరవాత మనిషి చిరగాలి, ఆ పైన ఊరు చిరగాలి. వాళ్ళాయన కొబ్బరిచెట్టు మీంచి జారిపడి నడుం పట్టేసి, ఏడాదిగా అరుగుకే పరిమితమయ్యేడు. ఇద్దరాడపిల్లల చదువూ ఆ కుట్టుమిషను మీదే నడుస్తోంది. అలాంటి సమయంలో మస్కట్‌లో పెద్ద టైలరింగు షాపులో ఆవిడకి ఉద్యోగం కుదిరింది. కుదిర్చిన ఏజెంటు రాజమండ్రిలో ఉంటాడు. వీసా కాపీ మెయిల్లో పంపిస్తాననీ, వచ్చినరోజే బయల్దేరాలనీ చెప్పేడు. ఆవిడ సూట్‌కేసు సర్దేసి మిషను కింద పెట్టుకుని, ప్రతి రెండు జాకెట్లకీ ఒకసారి మా గుమ్మంలోకి వచ్చేవారు.

"వచ్చిందాండీ అన్నయ్యగారూ?"

"ఇంకా లేదమ్మా."

"ఆయ్."

ఆ "ఆయ్" అని వెనక్కి తిరిగేటప్పుడు ఆవిడ భుజాలు చూస్తే, ఆ వీసా నేనే తయారుచేసి ఇచ్చేద్దామా అనిపించేది.

ఇలా ఉండగా మాకొక పువ్వొచ్చింది.

తెచ్చింది మేష్టారు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యేరు. ఆయనకి మెయిలు రాసే మనిషి ఈ భూమండలం మీద లేకపోయినా, రోజూ పదింటికి వచ్చి, తన మెయిలు డబ్బా విప్పి, ఖాళీగా ఉందని రూఢి చేసుకుని, మా పేపరు చదువుకుని వెళ్ళేవారు. ఆరోజు డబ్బాలో ఒక ఉత్తరం ఉంది. "మీకో పువ్వు, నొక్కండి" అని ఇంగ్లీషులో. మేష్టారు నొక్కేరు. అంతే! నాలుగు తెరలమీదా మందారాలు పూసేయి. తెరిచి ఉన్న ప్రతి మెయిలు డబ్బాలోంచీ, అందులో ఉన్న ప్రతి అడ్రసుకీ పువ్వులెళ్ళేయి. ఆ ఒక్క పూట మా సెంటర్నుంచి గల్ఫుకి వెళ్ళినన్ని పువ్వులు కడియం నర్సరీలన్నీ కలిసి పదేళ్ళలో పూయించి ఉండవు.

"ఎందుకు నొక్కేరండీ మేష్టారూ?" అన్నాను జుట్టు పీక్కుంటూ.

"ఎవరో పాపం అంతదూరంనుంచి పువ్వు పంపితే పుచ్చుకోకపోతే ఏం మర్యాదండీ?" అన్నారాయన.

జాకెట్లావిడ డబ్బా పొద్దున్నించీ తెరిచే ఉంది. అందులో ఉన్న అడ్రసు ఏజెంటుది ఒక్కటే. పువ్వులన్నీ ఆయనకే వెళ్ళేయి. గంటలో ఫోనొచ్చింది.

"ఏమండీ, ఆ టైలరమ్మకి చెప్పండి. నా కంప్యూటరు పూలకొట్టైపోయింది. ఆవిడ పేరు మీద ఇంకొక్కటి ఇలాంటిది వచ్చిందంటే ఆ వీసా ఇంకొకరికి ఇచ్చేస్తాను. వెనక వందమంది ఉన్నారు."

ఆవిడ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నారు. ఏడవలేదు. మెళ్ళో వేలాడుతున్న టేపుని చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "అన్నయ్యగారూ, ఇంకేం పోయినా ఫరవాలేదండి, ఆ ఒక్క ఉత్తరం మాత్రం జాగ్రత్తగా నా చేతికొచ్చేలా చూడండి" అన్నారు.

సరిగ్గా అప్పుడు పై వాటాలోంచి మా మావగారు మెట్లు దిగేరు.

మా మావగారు మిలట్రీ సిగ్నల్స్‌లో సుబేదారుగా రిటైరయ్యేరు. హిమాలయాల్లో ఎక్కడ తీగ వేలాడుతున్నా దానికి ముడి వేసింది ఆయనేనని మా ఇంట్లో అందరూ నమ్మాలి. ఆయన మీసాల మీద నిమ్మకాయ నిలబెడితే నిలబడుతుంది. ఒక్కోవైపు డజను. రిటైరై ఎనిమిదేళ్ళుగా శత్రువు కోసం ఎదురుచూస్తున్నారు. ఇప్పటికి దొరికేడు.

"అల్లుడుగారూ, మన దేశం సరిహద్దు ఎక్కడుంది?"

"కాశ్మీరులోనండి."

"తప్పు!" చేతికర్రతో గోడకున్న కన్నం చూపించేరు. అందులోంచే ఫోను తీగ లోపలికొస్తుంది. "అదిగో, అదీ సరిహద్దు. శత్రువు ఇక కొండలెక్కి రాడండీ. ఆ తీగ పట్టుకుని దిగుతాడు. మీరేమో సరిహద్దులో మేష్టార్ని కూర్చోబెట్టేరు."

మేష్టారు పేపరు మడిచేరు. "సుబేదారుగారూ, కాపలా వేరండి, పెత్తనం వేరండి. తుఫానప్పుడు మీ మిలట్రీవాళ్ళు పడవలేసుకొచ్చి మమ్మల్ని మిద్దెలమీంచి దింపేరు. రెండు చేతులా దణ్ణం పెట్టేం. వరద తగ్గేక పడవ తీసుకుని వెళ్ళిపోయేరు. పంచాయితీ మళ్ళీ మాకే వదిలేసేరు. అదీ పద్ధతి."

"మరి వరద తగ్గిందని ఎవరు చెప్పాలండీ?"

"మునిగినవాళ్ళు చెప్పాలండి."

"మునిగినవాడు పీకల్లోతు నీళ్ళలో ఉండి కూడా తగ్గిందనే అంటాడండీ, ఇంట్లో కోళ్ళున్నాయని!"

పార్లమెంటులో ఇంతకన్నా గొప్ప చర్చ జరిగిందంటే నేను నమ్మను. చర్చ ఎలా ఉన్నా, పువ్వు నొక్కిన చెయ్యి మేష్టారిదే కాబట్టి ఆయన పక్షం ఓడిపోయింది. అంతకు ముందే మావగారు ఢిల్లీకి ఒక కార్డు రాసి ఉన్నారట, దేశంలో కంప్యూటర్లన్నీ సైన్యానికి అప్పగించమని. జవాబు రాలేదు. వద్దని రాయలేదంటే సరేనన్నట్టే అని ఆయన లెక్క. మా సెంటరు మొదటి ఆక్రమిత ప్రాంతం అయింది.

మర్నాటి నుంచి గుమ్మం దగ్గర ఒక బల్ల, ఒక రిజిస్టరు. పేరు, ఊరు, వచ్చిన పని, గల్ఫులో ఉన్నవారితో బంధుత్వం, ఆ బంధుత్వానికి సాక్షులు. ఫ్లాపీ పట్టుకొస్తే, అందులో వైరస్సనే పురుగు ఉంటుందేమోనని ఒకరోజు విడిగా ఉంచాలన్నారు. ఆ బాధ్యత మా అత్తగారికి అప్పగించేరు. ఆవిడ పురుగు పట్టినవంటే ఎండలో పెట్టాలి కదా అని, డాబామీద గుమ్మడివడియాల పక్కన ఆరబెట్టేరు. సాయంత్రానికి మూడు ఫ్లాపీలు అప్పడాల్లా మెలితిరిగిపోయేయి. "శత్రువు చచ్చేడు" అన్నారు మావగారు.

ఇక పాస్‌వర్డులు. కేలండరు చింపి పొయ్యిలో వేసేరు. అందరి పాస్‌వర్డులూ తనే మార్చేరు. కొత్తవి ఒక పుస్తకంలో రాసి, ఆ పుస్తకాన్ని నల్ల ట్రంకుపెట్టెలో పెట్టి, దాని తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. ప్రతి సోమవారం మళ్ళీ మారుస్తారు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పరు. నాక్కూడా చెప్పరు. మెయిలు ఎవరిదో వాళ్ళక్కూడా చెప్పరు.

"అదేంటండీ మావయ్యగారూ, ఎవరి పాస్‌వర్డు వాళ్ళకి తెలియొద్దూ?"

"తెలియవలసినవాడికే తెలియాలి. మెయిలు ఆవిడది. పాస్‌వర్డు దేశానిది."

అంచేత ఏమయ్యేదంటే, మెయిలు చూసుకోడానికొచ్చినావిడ ముందు గోడకేసి తిరిగి నిలబడాలి. అప్పుడు మావగారు కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, కుడిచేతి చూపుడువేలు పైకెత్తుతారు. ఆ వేలు కీబోర్డు మీద హెలికాప్టరులా చుట్లు తిరిగి తిరిగి, అక్షరం కనబడగానే దిగుతుంది. మళ్ళీ లేస్తుంది. ఒక్కో పాస్‌వర్డుకి పావుగంట. ఈలోపల గోడకేసి నిలబడ్డ ఆడవాళ్ళు మా గోడమీద బల్లుల్ని పేరుపేరునా పలకరించేంత చనువు సంపాదించేరు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఆరు వారాల్లో మా సెంటర్లోకి ఒక్క పువ్వు కూడా రాలేదు. మొగ్గ కూడా రాలేదు. జాకెట్లావిడ పేరు మీద ఏజెంటుకి ఒక్క చెడ్డ ఉత్తరం వెళ్ళలేదు. రోజుకి మూడుసార్లు ఆవిడ గోడకేసి నిలబడేవారు. మావగారు విప్పి చూసి, "ఇంకా రాలేదమ్మాయ్. వస్తే మాత్రం ఇక్కడికి తప్ప ఎక్కడికీ పోదు. నాదీ పూచీ" అనేవారు. "ఆయ్ బాబాయిగారూ" అని ఆవిడ వెళ్ళేవారు. ఆ పూచీ మాట విన్నాక ఆవిడ భుజాలు కొంచెం నిటారుగా ఉండేవి.

ఆరోవారంలో ఒకరోజు మావగారు రాయవరం వెళ్ళేరు. ఆయనతో పనిచేసిన స్నేహితుడొకాయన షష్టిపూర్తి. పట్టుపంచె కట్టుకుని, మొలతాడుకి తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకుని, "సాయంత్రానికి వచ్చేస్తాను. ఈలోపల యుద్ధం వస్తే ఆపి ఉంచండి" అని చెప్పి పొద్దున్న బస్సెక్కేరు.

పదకొండింటికి ఏజెంటు ఫోను.

"వీసా కాపీ పంపేసేనండి. సాయంత్రం నాలుగింటికి రావులపాలెంలో మన బస్సు ఆగుతుంది, హైదరాబాదు వెళ్ళేది. టైలరమ్మని కాగితం పట్టుకుని రమ్మనండి. కాగితం చేతిలో లేకపోతే ఎక్కించను."

ఇంకో అడ్రసుకి కూడా ఒకటి పంపమందామని నేను తేరుకుని మళ్ళీ ఫోన్ చేసేసరికి, ఆయన ఆఫీసుకి తాళం వేసుకుని బయల్దేరిపోయేడు. మోగుతూనే ఉంది.

ఆవిడ సగం కుట్టిన జాకెట్టు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చేరు. వీసా వచ్చింది. మా కంప్యూటర్లో, మా కళ్ళెదురుగా, అద్దానికి అవతల ఉంది. తాళంచెవి రాయవరంలో షష్టిపూర్తి భోజనం చేస్తోంది. అమలాపురంలో రెండున్నర బస్సు దాటిపోతే నాలుగింటికి రావులపాలెం అందడం కల్ల.

ఫంక్షనుహాలుకి ఫోన్ చేసేను. సన్నాయి, డోలు, వడ్డన కేకలు. వాటి మధ్యలోంచి మావగారి గొంతు.

"హలో, ఎవరు?"

"నేనండి మావయ్యగారూ. మీ అల్లుణ్ణి."

"రుజువేమిటి?"

"మీ అమ్మాయిని చేసుకున్నానండి."

"ఆ సంగతి ఊరందరికీ తెలుసు. శత్రువుకీ తెలుసు. పెళ్ళైన కొత్తల్లో మీరు మా ఇంట్లో ఏం పగలగొట్టేరు?"

పక్కనే జాకెట్లావిడ ఉన్నారు. అయినా పరువుకన్నా వీసా ముఖ్యం. "ఆవకాయ జాడీ అండి" అన్నాను.

"ఆఁ, మీరే. చెప్పండి."

చెప్పేను. అవతల డోలు ఆగిపోయింది. నిజంగా ఆగిపోయిందో, నాకలా వినిపించిందో.

"పాస్‌వర్డు చెప్పేయండి మావయ్యగారూ. రెండు నిమిషాల పని."

"ఫోన్లోనా? ఎంతమంది వింటారో తెలుసాండీ! నా నాలిక కోసినా చెప్పను. నేనే వస్తున్నాను. ఆ అమ్మాయికి చెప్పండి, నా పూచీ. సైన్యం బయల్దేరింది!"

ఫోను పెట్టేసేరు. రాయవరం నుంచి అమలాపురం బస్సులు మారి రావాలంటే ఎంతసేపు పడుతుందో నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. అరటిగెలల లారీలు అడ్డం పడితే ఇంకెంతసేపో దేవుడికి తెలుసు. పైకెళ్ళి ట్రంకుపెట్టె చూసేను. గునపం తెచ్చి ఒక దెబ్బ వేసేను. గునపం వంగింది.

కిందకొస్తే ఆవిడ కొంగు కొస నములుతూ కూర్చున్నారు.

"అన్నయ్యగారూ, పన్నెండైంది. మీరెళ్ళి భోంచేసి రండి. నేనిక్కడ చూస్తూంటాను."

ఎంత మంచి మనిషి, తన బతుకు ఇలా వేలాడుతూంటే నా ఆకలి గురించి ఆలోచిస్తోంది అనుకున్నాను. "నాకు ముద్ద దిగుతుందా అమ్మా! నువ్వు బయల్దేరేదాకా మంచినీళ్ళు కూడా ముట్టను" అన్నాను, గొప్పగా.

పావుగంటాగి, "పోనీ, పోస్టాఫీసులో ఏదో పనుందన్నారు కదండీ" అన్నారు.

"పోస్టాఫీసు పారిపోదమ్మా."

ఇంకాసేపటికి, "అన్నయ్యగారూ! మీ స్కూటరు ఎవరో తీసుకుపోతున్నారండీ!" అని కేకేసేరు. ఒక్క గెంతు గెంతి బయటపడ్డాను. స్కూటరు నిలబెట్టిన చోటే ఉంది. దాన్ని తొయ్యడానికే ఇద్దరు కావాలి, దొంగతనానికి ఎంతమంది రావాలి! తిరిగొచ్చేసరికి ఆవిడ కంప్యూటరు ముందు కుర్చీలోంచి గభాల్న లేచి గోడకేసి తిరిగేరు. పాపం, అలవాటైపోయింది అనుకున్నాను. నాలాంటి తెలివైనవాడు జిల్లాలో ఉండడు.

ఒంటిగంటన్నరకి ఇక ఆగలేకపోయేరు. గోడకేసి తిరిగే మాట్లాడేరు.

"అన్నయ్యగారూ, ఒక్క మాట చెప్తాను. బాబాయిగారికి చెప్పనని ఒట్టెయ్యాలి."

"ఒట్టే. ఏమిటమ్మా?"

"నా పాస్‌వర్డు నాకు తెలుసండి."

నేను ఫ్యాను కేసి చూసేను. అది కూడా ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"మొదటి సోమవారం నుంచండి. పిన్నిగారు చెప్పేరు."

పిన్నిగారంటే మా అత్తగారు. సంగతేమిటంటే, మావగారు మొదటిరోజున రైఫిలు, బంకరు, పటాలం అని ఓ నాలుగు పాస్‌వర్డులు పెట్టేసరికి మిలట్రీ అయిపోయింది. జనం ఇంకా బోల్డుమంది ఉన్నారు. వంటింటి గుమ్మంలో కూర్చుని, "ఇంకేం పెట్టను?" అని తలపట్టుకుంటే, అత్తగారు కూర తరుగుతూ, పనసపొట్టు అన్నారట. కంద అన్నారట. బచ్చలి, పొట్లకాయ పెరుగుపచ్చడి, వంకాయ కొత్తిమీరకారం. అలా వారవారం దేశరహస్యాలన్నీ మా వంటింట్లోనే పుట్టేయి. పుస్తకం ట్రంకులో ఉంది. కూరలు అత్తగారి నోట్లో ఉన్నాయి. ఎవరి తాళం వాళ్ళకి తెలియకపోతే ఎలా పాపం అని, ప్రతి సోమవారం కూరలబండి దగ్గర నిలబడి ఎవరిది వాళ్ళకి చెవిలో చెప్పేసేవారు.

"అందరికీ తెలుసా?"

"మీకు తప్ప అందరికీ తెలుసండి. మీరైతే బాబాయిగారి దగ్గర నోరు జారతారని పిన్నిగారే వద్దన్నారు."

"మరి తెలిసీ రోజుకి మూడుసార్లు గోడకేసి ఎందుకు నిలబడ్డావమ్మా?"

ఆవిడ ఇటు తిరిగి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసేరు. "పెద్దాయన మనకోసం అంత కష్టపడి వెతుక్కుని వెతుక్కుని కొడుతూంటే, నాకు తెలుసు లెండి అంటే బావుంటుందాండీ?"

కోనసీమంటే అదండీ. ఆరు వారాలపాటు కొన్ని పదులమంది ఆడవాళ్ళు, తలో కూరనీ గుండెల్లో దాచుకుని, ఒక పెద్దమనిషి మనసు కష్టపెట్టకూడదని బల్లుల్ని చూస్తూ నిలబడ్డారు.

ఆవిడ కూర్చుని కుట్టుమిషను స్పీడులో కొట్టేసేరు, పనసపొట్టు అని. డబ్బా విచ్చుకుంది. ఆ వీసా కాగితం పైనుంచి కిందకి దిగడానికి ఓ యుగం పట్టింది. అయినా దిగింది, గెడ్డంతో సహా. ప్రింటు తీసేం. రెండూ పది. సూట్‌కేసు సిద్ధం. వాళ్ళాయనా పిల్లలూ బస్సు ఆగేచోటికి అప్పటికే వెళ్ళి నిలబడ్డారు. ఆవిడ కాగితం సంచీలో పెట్టుకుని, మిషనుకి దణ్ణం పెట్టుకుని, గుమ్మం దాటబోతున్నారు.

"ఆగండి! ఎవరూ ఏమీ ముట్టుకోకండి!"

గుమ్మంలో మావగారు. పట్టుపంచె మోకాళ్ళదాకా ఎగదోపుకుని, తలనిండా అక్షింతలతో, నుదుటిమీద చెమటకి కారిన బొట్టుతో, రొప్పుతున్నారు. భోజనం మధ్యలోంచి లేచొచ్చినట్టున్నారు, చేతికింకా పులిహోర పసుపుంది. "పూచీ పడ్డాను కదమ్మాయ్. వచ్చేసేను" అన్నారు.

ఆవిడ నాకేసి చూసేరు. నేను గడియారం కేసి చూసేను. రెండుంపావు. "వచ్చేసిందండీ, వెళ్ళొస్తాను" అంటే ఒక్క మాటలో అయిపోతుంది. నేను నోరు తెరిచేను కూడా. ఆవిడ కళ్ళతోనే నా నోరు మూయించి, సంచీని కొంగుచాటుకి లాక్కుని, గోడకేసి తిరిగి నిలబడ్డారు.

మావగారు పైకెళ్ళి పుస్తకం తెచ్చేరు. కళ్ళజోడు తుడుచుకున్నారు. వేలు పైకి లేచింది.

ఇంగ్లీషులో పనసపొట్టుకి పదకొండు అక్షరాలండి. ఎవరైనా తోటకూర పెట్టుకోకూడదా! కనీసం కంద! మొదటి అక్షరం దొరికేసరికి నాకు రెండు పళ్ళు ఊడినంత పనైంది. అయిదో అక్షరం దగ్గర గోడమీద బల్లి గుడ్డు పెట్టి, అది పిల్లయి, ఆ పిల్ల పెళ్ళీడుకొచ్చింది. తొమ్మిదో అక్షరం దగ్గర వీధిలో బస్సు హారను వినిపించింది. తలుపులోంచి పడే వెలుతుర్లో ఆ బస్సు నీడ మా గోడమీద, సరిగ్గా ఆవిడ మొహానికెదురుగా, మెల్లిగా ఈ చివర్నుంచి ఆ చివరికి పాకింది. ఆవిడ చూసేరు. కదల్లేదు. టేపు మాత్రం చేతికి ఎర్రగా గాటు పడేంత బిగించి చుట్టుకున్నారు.

మెయిలు విచ్చుకుంది. మావగారు ఎప్పట్లాగే ప్రింటరు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఒక్క క్షణం ఆ చేతికేసి చూసుకున్నారు. కాగితం బయటికి రాగానే రెండు చేతులా పట్టుకుని, ప్రసాదంలా ఇచ్చేరు. ఆవిడ కళ్ళకద్దుకుని, వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టేరు.

"బస్సెళ్ళిపోయిందండీ మావయ్యగారూ!" అన్నాను.

"బస్సెందుకండీ? నేను బస్సులో వచ్చేననుకున్నారా? కారుంది. సందు మొదట్లో."

పరిగెత్తేం. ఉంది. షష్టిపూర్తి పెళ్ళికొడుకు కారు! ఇంజను మీద బంతిపూల దండలు, చుట్టూ మల్లెలు, అద్దానికి ఇద్దరు ముసలివాళ్ళ పేర్లు చమ్కీ కాగితంతో. మిలట్రీ స్నేహితుడు, "దేశం పనంటున్నావు, పట్టుకుపో" అన్నాడట. పువ్వుతో మొదలైన గొడవ ఇన్ని పువ్వులతో తీరుతుందని ఎవరనుకుంటారు! ముందు సీట్లో మావగారూ, నేనూ, డ్రైవరూ. వెనక జాకెట్లావిడ, బస్సు ఆగేచోట ఎక్కించుకున్న వాళ్ళాయన, ఇద్దరు పిల్లలు, సూట్‌కేసు. కొత్తపేట దాటేసరికి మాకు దారిపొడుగునా జనం దణ్ణాలు పెడుతున్నారు. వాళ్ళాయన నడుంనొప్పితో నిటారుగా కూర్చోవడం వల్ల అచ్చం పెళ్ళికొడుకులాగే ఉన్నాడు. రావులపాలెంలో అరటిగెలల లారీలు బారులు తీరి ఉన్నాయి. పెళ్ళివారి కారని చూసి హమాలీలు దారిచ్చి, పైగా కిటికీలోంచి చక్కెరకేళీ పళ్ళ అత్తం ఒకటి పిల్లల ఒళ్ళో పెట్టేరు.

నాలుగవడానికి అయిదు నిమిషాలు. బస్సు ఉంది. ఏజెంటు చేయి చాపేడు. కంగారులో ఆవిడ సంచీలో చెయ్యిపెట్టి, దొరికినవన్నీ తీసిచ్చేరు.

"రెండు కాపీలెందుకమ్మా?" అన్నాడు ఏజెంటు.

ఆవిడ మొహం పాలిపోయింది. నేను అరటిగెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టేను. మావగారు మీసం సవరించుకున్నారు.

"ఒకటి సివిలు, ఒకటి మిలట్రీ" అన్నారు. "రెండూ ఉంచుకోండి. ఎక్కమ్మాయ్."

ఆవిడ ఎక్కేరు. బస్సు కదిలేదాకా పిల్లలిద్దరికీ కిటికీలోంచి జడలు అల్లుతూనే ఉన్నారు.

తిరుగుదార్లో, పిల్లలు అరటిపళ్ళు తింటున్నారు. కొత్తపేట దగ్గర మావగారు మెల్లిగా అన్నారు. "నేను చెయ్యేసేసరికే ప్రింటరు వేడిగా ఉందండి, అల్లుడుగారూ."

"మరి అప్పుడే ఎందుకనలేదండీ?"

"ఆ అమ్మాయి గోడకేసి నిలబడుంది కదండీ. బస్సు పోతున్నా కదలకుండా అంత మర్యాదగా నిలబడ్డ మనిషిని ఏమంటాం?" తలమీద మిగిలిన అక్షింతలు దులుపుకుంటూ, "లీకు ఎక్కడో కూడా తెలుసు. ముప్ఫై అయిదేళ్ళు కాపరం చేసేను. దాన్ని అరెస్టు చెయ్యగల సైన్యం ఏ దేశంలోనూ లేదు" అన్నారు.

సోమవారం పొద్దున్నే ట్రంకులోంచి పుస్తకం కిందకి తెచ్చి, ఎవరి కాగితం వాళ్ళకి చింపి ఇచ్చేసేరు. మీది మీరే మార్చుకోండి, ఎవరికీ చెప్పకండి, పువ్వులు నొక్కకండి అని మూడంటే మూడు ముక్కలు చెప్పేరు. మేష్టారు పేపరు దించి చూసేరు.

"వరద తగ్గిందండి మేష్టారూ. పడవ తీసుకెళ్ళిపోతున్నాను" అన్నారు మావగారు. "మళ్ళీ వస్తే ఒక్క కేకెయ్యండి. పైనే ఉంటాను."

మేష్టారు లేచి నిలబడి సెల్యూట్ చేసేరు. ఎడంచేత్తో చేసేరనుకోండి, అయినా మావగారు పుచ్చుకున్నారు.

రెండు నెలలకి మస్కట్ నుంచి మావగారి పేరు మీద మెయిలొచ్చింది. షాపు బావుందనీ, అక్కడి ఆడవాళ్ళ పొడుగు గౌన్లు కుట్టడం మన జాకెట్లకన్నా తేలికనీ, పిల్లల ఫీజు పంపించేననీ రాసేరు ఆవిడ. చివర్న ఇంకో ముక్క. "బాబాయిగారూ, మీరు పెట్టిన పాస్‌వర్డు మార్చలేదండి. పనసపొట్టు అని కొట్టినప్పుడల్లా పిన్నిగారి వంటింట్లోంచి ఆవపెట్టిన వాసనొస్తోంది."

మావగారు రెండుసార్లు చదివేరు. కళ్ళజోడు తీసి, ఉత్తరీయంతో అద్దాలూ, వాటి వెనకున్నవీ తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని తెరకేసి చూసి, ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచేరు.

"అల్లుడుగారూ! పాస్‌వర్డు ఉత్తరంలో రాసేసిందండీ! తీగ పొడుగునా ఎంతమంది చదివుంటారో! వెంటనే మార్చుకోమని జవాబు కొట్టండి."

"అలాగేనండి. ఏం పెట్టుకోమనమంటారు?"

మావగారు గుమ్మంలోకి వెళ్ళి, మెట్లవైపు తలెత్తి కేకేసేరు.

"ఏమేవ్! ఇవాళేం కూర?"